ప్యాలాల కేసూ, మా రెండు డిగ్రీలూ

నేను వకీలును కావడానికి కారణం ఒక రస్కు. నవ్వితే నవ్వండి, ఉన్నమాటే చెబుతున్నాను. బి.కాం. పాసై, పన్నుల లెక్కల పనిలోకి రావాలని ఉండి, ఆపైన ఏ చదువు చదవాలో తేలక తిరిగే పిల్లలు నన్ను అడిగినప్పుడల్లా ఈ రస్కు దగ్గరే మొదలుపెడతాను. ప్యాలాల సంగతి ఆ తర్వాత. ఇన్నేళ్ళ పనిలో నేను మరిచిపోలేని రోజు మాత్రం ప్యాలాలదే. ఆ రోజు నేను కేసు వాదించలేదు. కనీసం ఆ గదిలో కూడా లేను.

మాది మెదక్. మా నాయన బస్సు డిపోలో మెకానిక్కు. ఊళ్ళోని కాలేజీలోనే బి.కాం. చదివి, ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే బజారు వెనక సందులో ఒక పన్నుల సలహాదారు దగ్గర పనికి కుదిరాను. ఆయనను ఊరంతా పెద్దసారు అనేది. ఇంగ్లీషులో రాసేవారు, ఉర్దూలో లెక్కపెట్టేవారు, తెలుగులో తిట్టేవారు. దుకాణదార్ల అమ్మకం పన్ను లెక్కలు తయారుచేసి, పన్నుల ఆఫీసులో వాళ్ళ తరఫున మాట్లాడటం ఆయన వృత్తి. దానికి కామర్స్ డిగ్రీ ఉండి, పేరు నమోదు చేయించుకుంటే చాలు. ఆయన బి.కాం. తోనే జీవితమంతా గడిపారు, గౌరవంగా గడిపారు.

ఆ ఆఫీసులో నాకంటే ముందు చేరినవాడు ఒకడుండేవాడు. వాళ్ళ నాయనది బజార్లో గాజుల దుకాణం. నేను అతన్ని భాయ్ అనేదాన్ని, అతను నన్ను చెల్లె అనేవాడు. అంకె కనిపిస్తే భాయ్ ముఖం వెలిగేది. నాకేమో నోటీసు కనిపిస్తే హుషారు వచ్చేది. ఆ నోటీసులో ఏ మాట ఎందుకు వాడారు, ఇంకో మాట ఎందుకు వాడలేదు అని సాగదీసి అడుగుతుంటే పెద్దసారు విసుక్కునేవారు. విసుక్కుంటూనే చెప్పేవారు.

అవి దేశం కొత్తగా తలుపులు తెరుచుకున్న రోజులు. విదేశీ కంపెనీలు వస్తున్నాయని పేపర్ల నిండా ఉండేది. మెదక్ గోడల మీద కూడా ఎంబీఏ కాలేజీల ప్రకటనలు పడ్డాయి. అమ్మకం పన్ను ఇంకెన్నాళ్ళో ఉండదనీ, ఆ పని నేర్చుకోవడం వృథా అనీ ఊళ్ళో చదువుకున్నవాళ్ళు చెప్పేవారు. పెద్దసారు ఒకరోజు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"మీరిద్దరు గీడనే ఉండిపోతే నా లెక్కనే అయితరు. నాకు నడిచింది. మీకు నడవది. పై చదువు చదువుండ్రి."

"ఏం చదవాలె సార్?" అన్నాను.

"గది నేను చెప్త లేను. ఎవల ముంగట నిలబడి మాట్లాడాలనుకుంటున్నరో ముందు గది తేల్చుకోండ్రి. లెక్కలు చూసే ఆఫీసర్ ముంగటనా, కంపెనీ సేట్ ముంగటనా, జడ్జి ముంగటనా? గది తేలితే డిగ్రీ దానంతటదే దొరుకుతది."

మరీ చిన్న సలహా కదా అనిపించింది అప్పుడు. నేను ఆ తర్వాత విన్న సలహాల్లో దీన్ని మించింది లేదు.

భాయ్ ముందు పోయి హైదరాబాదులో ఎంబీఏలో చేరాడు. వాళ్ళ నాయన దుకాణం ముందు మిఠాయి పంచాడు కూడా. నెల తిరక్కుండానే భాయ్ సంచీ భుజాన వేసుకొని ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమైంది బేటా?" అన్నారు పెద్దసారు.

"ఆడ సబ్బులు ఎట్ల అమ్మాల్నో చెప్తుండ్రు సార్. సబ్బు మీద పన్నెంత పడ్తది, ధరల ఎంత కలుస్తది అని అడిగిన. క్లాసంత నవ్విండ్రు. గా పంతులు సుత నవ్విండు."

పెద్దసారు కోప్పడలేదు. ఒక అప్పీలు విచారణ కోసం హైదరాబాదు పోతూ, మా ఇద్దరినీ వెంట తీసుకుపోయారు. ఊరికే చూడటానికి. మా పని ముగిశాక కూడా లేవనివ్వలేదు. "కూసోండ్రి. వేరేటోళ్ళ కేసులు సుత చూడుండ్రి" అన్నారు.

అక్కడ వచ్చింది రస్కు. ఎక్కడో ఒక బేకరీ అతని కేసు. బ్రెడ్డుకు ఒక రేటు పన్ను, బిస్కట్లలాంటి వాటికి పెద్ద రేటు. రస్కు బ్రెడ్డేనని బేకరీ అతను తక్కువ పన్ను కట్టాడు. అతని తరఫున ఒక ఆడిటర్, ఒక వకీలు ఇద్దరూ వచ్చారు. ఆడిటర్ లేచి ఒక పట్టిక ఇచ్చాడు. పిండి ఎంత, చక్కెర ఎంత, రెండోసారి కాల్చడానికి ఎంత ఖర్చు, అన్నీ అందులో ఉన్నాయి. భాయ్ ముందుకు వంగి, మెడ రిక్కించి ఆ పట్టికనే చూస్తున్నాడు. తర్వాత శాఖ తరఫు వకీలు లేచాడు. వయసులో పెద్దవాడు, గొంతు పెంచలేదు.

"చాయ్ హోటల్‌కు పోయి బ్రెడ్ అడిగితే ఎవడన్నా రస్కు చేతిలో పెడతాడా సార్? పెడితే తీసుకుంటామా?"

గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఇంత పెద్ద చట్టం, ఇన్ని లావు పుస్తకాలు, చివరికి వచ్చి చాయ్ హోటల్ ముందు ఆగి, మామూలు మనిషి దీన్ని ఏమని పిలుస్తాడని అడుగుతోంది. అట్లా అడగాలని చట్టంలో ఒక పద్ధతే ఉందని పెద్దసారు చెప్పారు. సరుకుకు అర్థం నిఘంటువులో కాదు, బజారులో వెతకాలట.

తిరుగు బస్సులో నర్సాపూర్ అడవి దాటుతుండగా భాయ్ అన్నాడు, "గా పట్టిక చూసినవా చెల్లె? ఎంత సాఫ్‌గున్నది! నేను ఎం.కాం. చేస్త."

"నేను లా చదువుత" అన్నాను.

"బేకరీ ఆయన ఓడిపోయేటట్టున్నడు కదా, లా ఎందుకు?"

"ఓడగొట్టింది ఎవలు?"

అట్లా ఒకే గదిలో, ఒకే గంటలో, ఒకే రస్కు మీద మా దారులు రెండు అయ్యాయి.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా కాలేదు. నాయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "ఎం.కాం. అయితే లెక్చరర్ నౌకరొస్తది బిడ్డా, నీడకుంటవు. కోర్టుల కాడ ఆడివిల్లలు ఎంతమంది ఉన్నరు జెర చెప్పు" అన్నాడు. నాకు తెలిసి మెదక్ కోర్టులో అప్పటికి ఒక్కరూ లేరు. ఆ మాటే చెప్పాను. "అయితే మొదలు నువ్వే పోతవన్నమాట" అన్నాడు. ఒప్పుకున్నాడో, బాధపడ్డాడో ఆ గొంతులో నాకు తెలియలేదు. చేరే రోజు సామాను బస్సు మీదికి ఎక్కించింది మాత్రం ఆయనే. బాలానగర్‌లో మా చిన్నమ్మ ఇంట్లో ఉండి లా చదివాను. సెలవులకు వచ్చినప్పుడల్లా పెద్దసారు ఆఫీసులోనే పని. భాయ్ ఎం.కాం. ముగించుకొని నాకంటే ముందే తిరిగొచ్చాడు.

నేను నల్లకోటు వేసుకొని వచ్చేసరికి పెద్దసారుకు చూపు మందగించింది. ఆఫీసు భాయ్‌కి అప్పగించారు. నేను కోర్టుకు దగ్గరగా ఒక గది కిరాయికి తీసుకున్నాను. అప్పట్నుంచి మా మధ్య ఒక తీపి తగాదా నడిచింది. ఎక్కడ కలిసినా అదే.

"నోటీసొచ్చినాంక నీ తానికొస్తరు చెల్లె. నోటీసు రాకుంట చూసేది నేను" అనేవాడు భాయ్.

"నీ లెక్క ఆఫీసర్ నమ్మకపోతే ఏం చేస్తవ్?"

"నమ్మేటట్టు రాస్త."

కొన్నాళ్ళకు అమ్మకం పన్ను పోయి వ్యాట్ వచ్చింది. ఊళ్ళో చదువుకున్నవాళ్ళు చెప్పినట్టు పని పోలేదు, పదింతలయింది. కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మినప్పుడు కట్టాల్సిన పన్నులోంచి తీసేసుకోవాలన్న సంగతి దుకాణదార్లకు బోధపడటానికే చాలాకాలం పట్టింది. ఆ కాలమంతా భాయ్ రాజ్యం. చౌరస్తాలో చాయ్ తాగుతూ గ్లాసులు అటూ ఇటూ జరిపి కిరాణం సేట్లకు పాఠం చెప్పేవాడు. నా దగ్గరున్నవాళ్ళలో సగంమంది అటే పోయారు. ఎం.కాం. చదివి ఉంటే బాగుండేదా అని నేను అనుకోకపోలేదు. అనుకొని, మళ్ళీ చట్టం పుస్తకం తెరిచేదాన్ని. ఏదో ఒక రోజు ఈ ఊరికి ఒక రస్కు రాకపోదని నా నమ్మకం.

వచ్చింది. ప్యాలాల రూపంలో వచ్చింది.

ఊరి చివర బియ్యం వేయించి ప్యాలాలు చేసే బట్టి ఒకటి ఉండేది. ముగ్గురు తోడికోడళ్ళు కలిసి నడిపేవారు. పెద్దామె మాట మీద బట్టి నడిచేది. చుట్టుపక్కల అంగళ్ళన్నిటికీ సంచులు అక్కడినుంచే పోయేవి. ఒకరోజు ఆమె నా గదికొచ్చి ఒక కాగితం నా ముందు పెట్టింది.

"గిదేందో చూడు బిడ్డా. నేను మిక్చర్ అమ్ముతున్ననంట. నా బట్టిల మిక్చర్ ఏడున్నది?"

విషయం ఇది. బియ్యానికీ, బియ్యంలాంటి వాటికీ చిన్న రేటు పన్ను. మిక్చర్, చేగోడీల్లాంటి తయారుచేసిన తినుబండారాలకు పెద్ద రేటు. కొత్తగా వచ్చిన ఆఫీసరు ప్యాలాలను రెండో జాబితాలో వేసి, గడిచిన సంవత్సరాలకు కూడా కలిపి కట్టమన్నాడు. కడితే బట్టి అమ్ముకోవాల్సిందే. ముగ్గురు తోడికోడళ్ళే కాదు, అక్కడ జల్లెడ పట్టే ఆడవాళ్ళంతా మళ్ళీ బీడీలు చుట్టడానికి పోవాల్సిందే.

నేను బట్టికి పోయి చూశాను. ఉప్పునీళ్ళు పట్టించి ఆరబోసిన బియ్యాన్ని కాలిన ఇసుకలో వేసి తిప్పుతున్నారు. కింద ఊక మంట. ఆ వేడికి నా కళ్ళద్దాలు మసకబారాయి. బియ్యం చూస్తుండగానే ఒక్క పెట్టున తెల్లగా పొంగింది.

"అక్కా, ఇది బియ్యమేనా?" అని అడిగాను.

"బియ్యం గాక మరేంది? జెర నవ్వినయ్, గంతే" అంది.

ఆ కేసు మీద నేను పెట్టినంత మనసు ఇంకే కేసు మీదా పెట్టలేదు. బజారంతా తిరిగాను. మిక్చర్ ఏ డబ్బాలో పెడతారు, ప్యాలాలు ఏ సంచిలో పెడతారు, కొనేవాళ్ళు ఏమని అడుగుతారు, అన్నీ దుకాణదార్లతో రాయించి సంతకాలు తీసుకున్నాను. హైదరాబాదులో అప్పీలు వేసి, తీర్పు వచ్చేదాకా వసూలు ఆపించాను. వాదన నాలో నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. పెద్దసారుకు వినిపించాను కూడా. కళ్ళు మూసుకొని విని, "గా రస్కు వకీలు గుర్తొస్తుండు" అన్నారు. నాకు అంతకన్నా పెద్ద మెచ్చుకోలు అక్కర్లేదు.

అప్పుడే తెలంగాణ రాష్ట్రం కోసం ఉద్యమం ఊరూరా అంటుకుంది. కోర్టు ముందు టెంటు వేశాం. వకీళ్ళందరం విధులు బహిష్కరించాం. ఏ కోర్టుకూ, ఏ విచారణకూ పోకూడదని తీర్మానం. తీర్మానం చదివినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. మనస్ఫూర్తిగానే కొట్టాను.

విచారణ వాయిదా పడింది. మళ్ళీ పడింది. ఇక ఇదే ఆఖరు వాయిదా అని కబురొచ్చింది. అప్పీలు అధికారి బదిలీ మీద పోతున్నాడు. వసూలు ఆపిన గడువూ ముగుస్తోంది. ఆ రోజు ఎవరూ హాజరు కాకపోతే, ఉన్న కాగితాలు చూసి తేల్చేస్తారు. మరునాడే బట్టికి సీలు వేసినా వేయవచ్చు.

బట్టి అక్క టెంటు దగ్గరికే వచ్చింది. చెప్పులు బయట విడిచి, అందరి ముందూ నా పక్కన కూర్చుంది.

"నువ్వు రాకపోతే నా బట్టి మునుగుతది బిడ్డా. ఒక్క పూట. ఒక్క పూట పోయొస్తే తెలంగాణ ఆగుతదా?"

నేను మా వకీళ్ళ సంఘం పెద్దాయన వైపు చూశాను. ఆయన నన్ను బెదిరించలేదు. బెదిరిస్తే నాకు పని సులువయ్యేది.

"నీ ఇష్టమమ్మా. నిన్ను ఎవలు ఆపరు" అన్నాడు. "కని నువ్వు పోతే రేపు ఇంకొకలు పోతరు. వాళ్ళకు సుత ఒక బట్టి ఉంటది. ఎల్లుండికి ఈ టెంటుల నేనొక్కన్నే ఉంట."

ఆయన చెప్పింది నిజం. బట్టి అక్క చెప్పిందీ నిజమే. నేను లేచి టెంటు వెనక్కి పోయి, గోడకానుకొని చాలాసేపు నిలబడ్డాను. నల్లకోటు వేసుకున్నాను గనక నేను పోకూడదు. వేసుకోని వాళ్ళకు ఆ తీర్మానం వర్తించదు. పన్నుల సలహాదారుగా పేరు నమోదున్న మనిషి ఆ అధికారి ముందు నిస్సంకోచంగా నిలబడి మాట్లాడవచ్చు. అట్లాంటి మనిషి నాకు ఒక్కడే తెలుసు. అతని ఆఫీసు చౌరస్తా దాటితే వస్తుంది. ఈ ఆలోచన రావడానికి అంతసేపు పట్టలేదు. ఒప్పుకోవడానికే పట్టింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన నా రస్కును తీసుకుపోయి భాయ్ చేతుల్లో పెట్టాలి.

బట్టి అక్కకు చెబితే ముందు మండిపడింది.

"నిన్ను నమ్ముకొని వస్తే గాజుల సాబ్ కొడుకును పట్టుకోమంటవా? ఆయనకు నా బట్టి సంగతి ఏమెరుక?"

"నేను చెప్త అక్కా. నువ్వు నాతోని రా."

ఇద్దరం భాయ్ ఆఫీసుకు పోయాం. కాగితాల కట్ట బల్ల మీద పెట్టాను. భాయ్ కట్ట విప్పాడు. కూర్చొని చదవడం మొదలుపెట్టాడు. పక్క హోటలు నుంచి చాయ్ వచ్చింది, చల్లారింది, మళ్ళీ తెప్పించాడు. మొత్తం చదివాక తలెత్తాడు.

"మస్తు రాసినవ్ చెల్లె. కని ఒకటి తక్కువున్నది."

నాకు చురుక్కుమంది. "ఏం తక్కువున్నది?"

"బజార్ల ఏమంటరో రాసినవ్. బాగున్నది. కని తయారుచేసిన సరుకు అంటున్నడు కదా ఆఫీసరు. తయారీల ఏం కలిసింది? అక్కా, బియ్యం ధర తీసేస్తే ఇగ మీకేం ఖర్చయితది?"

"ఉప్పు. ఊక. కూలి" అంది బట్టి అక్క.

"నూనె?"

"నూనె ఎందుకు?"

"శనగపిండి? కారం?"

"నువ్వు సుత మిక్చర్ అంటున్నవా ఏంది?" అని ఆమె కస్సుమంది.

భాయ్ నవ్వి నా వైపు తిరిగాడు. "చూసినవా? ఖర్చంత బియ్యమే. గిది పట్టిక ఏసి నీ రాతకు ముంగట పెడ్త."

ముందు ఎందుకు, వెనక పెట్టవచ్చు కదా అనబోయాను. అనలేదు. అతను చెప్పింది సరైనదే. మాట మీద వాదించే నాకు ఆ పట్టిక తోచలేదు. అక్కడే కూర్చొని నా వకాల్తా వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి సంతకం చేశాను. కింద భాయ్ తన అధికారపత్రం జతచేశాడు. పదేళ్ళ తగాదాలో మొదటిసారి మా ఇద్దరి సంతకాలు ఒకే కట్టలో పడ్డాయి.

విచారణ రోజు బంద్. బస్సులు లేవు. భాయ్ ఒక జీపు మాట్లాడాడు. బట్టి అక్క ఒక పెద్ద సంచి నిండా ప్యాలాలు తెచ్చింది, అధికారికి చూపించడానికి. తెల్లవారుతుండగా జీపు కదిలింది. నేను టెంటుకు పోయి కూర్చున్నాను.

ఆ పగలు ఎట్లా గడిచిందో నాకే తెలుసు. పాటలు పాడుతున్నారు, ఉపన్యాసాలు ఇస్తున్నారు. నా పెదవులు మాత్రం ప్యాలాల వాదన వల్లె వేస్తున్నాయి. భాయ్ ఫలానా మాట మరిచిపోడు కదా, ఫలానా తీర్పు చదువుతాడు కదా అని. గెలవాలని ఉంది. నేను లేకుండా గెలుస్తాడేమోనన్న దిగులు కూడా ఉంది. రెండూ ఒకేసారి ఉండటం తప్పేమీ కాదని ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను.

సాయంత్రం జీపు నేరుగా టెంటు ముందుకొచ్చి ఆగింది. ముందు బట్టి అక్క దిగింది. చేతిలో సంచి మడతపెట్టి ఉంది.

"సంచి ఖాళీ ఎందుకైంది?" అన్నాను.

"గా ముచ్చట నన్నడుగు" అన్నాడు భాయ్.

కౌడిపల్లి దగ్గర రోడ్డు మీద వంటావార్పు జరుగుతోందట. ఉద్యమంవాళ్ళు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే అన్నం వండి నిరసన తెలుపుతున్నారు. జీపు ఆపేశారు. భాయ్ దిగి బతిమాలాడు. ఎవరూ వినలేదు. అప్పుడు బట్టి అక్క సంచి భుజాన వేసుకొని దిగింది. "అన్నం ఉడికేదాక ఖాళీ కడుపుతోని నినాదాలు ఏమిస్తరు బిడ్డా? మాది మెదక్ బట్టి. తినుండ్రి" అని కొంగుల్లో, తువ్వాళ్ళలో దోసిళ్ళతో పోసిందట. వాళ్ళే రాళ్ళు జరిపి జీపును పోనిచ్చారు. నర్సాపూర్ దగ్గర మళ్ళీ అదే. హైదరాబాదు చేరేసరికి సంచి అడుగున పిడికెడు మిగిలాయి.

విచారణ గదిలో ఆ అధికారి పట్టిక చూశాడు. నా రాత చదివాడు. కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు.

"మా వైపు వీటిని మరమరాలంటారండీ. మీరేమంటారు?"

"ప్యాలాలంటం సార్" అన్నాడు భాయ్.

"నమూనా తెచ్చారా?"

భాయ్ సంచి అడుగున చెయ్యిపెట్టి, ఉన్న పిడికెడూ ఒక కాగితం మీద పోశాడు. "ఇంతేనా?" అన్నాడు అధికారి.

"సంచి నిండ తెచ్చినం సార్. తోవల వంటావార్పుల తిన్నరు."

శాఖ తరఫున వచ్చినాయన పకపక నవ్వాడు. అధికారి నవ్వలేదు, కలం కింద పెట్టి అడిగాడట. "తిన్నవాళ్ళు ఏమనుకొని తిన్నారండీ? మిక్చర్ పెట్టారు అనుకున్నారా?"

నేను వల్లె వేయించిన తీర్పులన్నీ భాయ్‌కి గుర్తున్నాయట, కానీ వాటిలో దీనికి జవాబు లేదు. తనకు తోచిందే చెప్పాడట. "ఆకలైతున్నదని తిన్నరు సార్. పొయ్యి మీద బియ్యం ఇంకా ఉడకలే. గా బియ్యానికి బదులు గీ బియ్యం తిన్నరు."

అధికారి కలం తీసుకొని చాలాసేపు రాసుకున్నాడట.

ఇదంతా భాయ్ టెంటులో నిలబడి చెబుతుంటే మా సంఘం పెద్దాయనతో సహా అందరూ పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. కళ్ళు మాత్రం తుడుచుకున్నాను. ఆ ఒక్క మాట నేను అనగలిగేదాన్నో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను పోయి ఉంటే జీపులో ఉండేవి చట్టం పుస్తకాలే. వంటావార్పు ముందు నేను ఏం చేసి ఉండేదాన్నో కూడా తెలియదు.

తీర్పు కొన్ని వారాలకు వచ్చింది. ప్యాలాలు బియ్యం జాబితాలోవే. బట్టి అక్క ఆ కాగితం పట్టుకొని నా గదికి కాదు, భాయ్ ఆఫీసుకు పోయింది. అక్కడినుంచి ఇద్దరూ కలిసి నా దగ్గరికొచ్చారు. ఆ ఇంగ్లీషు తీర్పులో మధ్యమధ్య 'ప్యాలాలు' అన్న మాట ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. మా ఊరి బజారు మాట అట్లా సర్కారు తీర్పులోకి ఎక్కడం చూసి మురిసిపోయాను. నా వాదన మూడు పేజీల్లో ఉంది. నా పేరు ఎక్కడా లేదు. హాజరైన ప్రతినిధిగా భాయ్ పేరుంది.

"నీ పేరు సుత రాయమంటే రాయలే చెల్లె" అన్నాడు భాయ్, తప్పుచేసినవాడిలా.

"నేను ఆడ లేను కదా భాయ్, ఎట్ల రాస్తరు?" అన్నాను. అని, ఆ తీర్పును పెద్దసారు ఇంటికి తీసుకుపోయి మొదటి అక్షరం నుంచి చదివి వినిపించాను. ఆయన మధ్యలో ఎక్కడా ఆపలేదు. చివర ఒక్కమాట అన్నారు. "ఇద్దరు ఒక్క తాన కూసోండ్రి ఇగ. రెండు కిరాయిలు ఎందుకు?"

ఆ ఏడే నా గది ఖాళీ చేసి భాయ్ ఆఫీసులోకి మారాను. అటు బల్ల అతనిది, ఇటు బల్ల నాది. లెక్క తప్పకుండా చూడటం అతని పని, లెక్క మీద తగాదా వస్తే నిలబడటం నా పని. రాష్ట్రం వచ్చింది, కొన్నాళ్ళకు పన్నూ మళ్ళీ మారింది. మా బల్లలు మాత్రం కదల్లేదు.

చదువు ఎంచుకునే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. పన్నులు మారుతూనే ఉంటాయి. ఏ డిగ్రీకి గిరాకీ ఉందని అడిగితే, మీరు ఆ చదువు ముగించేలోపు గిరాకీ ఇంకోచోటికి పోతుంది. మీకు ఏది చూస్తే కాలం తెలియదో అది చదవండి. ఇంకోటి చదివిన మనిషిని ఒకరిని దగ్గర ఉంచుకోండి. వాళ్ళతో తగాదా పెట్టుకోండి, మాటలు మాత్రం మానకండి.

ఆఫీసు కలిపిన రోజు బోర్డు రాయడానికి పెయింటర్ వచ్చాడు. నిచ్చెన ఎక్కి, కుంచె రంగులో ముంచి, ఎం.కాం. ముందు రాయాల్నా, ఎల్.ఎల్.బి. ముందు రాయాల్నా అని అడిగాడు. ఇద్దరం ఒకేసారి నోరు తెరిచాం. కేసు గెలిచింది భాయ్ గనక ఎం.కాం. ముందని నేను, కేసు చెల్లెది గనక ఎల్.ఎల్.బి. ముందని అతను. పదేళ్ళు ఎవరి డిగ్రీ గొప్పదని కొట్లాడినవాళ్ళం, ఆ రోజు తిరగేసి కొట్లాడాం. పెయింటర్ కాసేపు చూశాడు. రంగు ఆరిపోతోందని గొణిగాడు. తర్వాత మమ్మల్ని అడగకుండానే కుంచె ఎత్తాడు.

"ఎం.కాం. పొట్టిగున్నది, పైన పడ్తది. ఎల్.ఎల్.బి. పొడుగున్నది, కింద రాస్తున్న. మీరు లోపల కూసొని తేల్చుకోండ్రి."

తేల్చుకోలేదు. లోపల అప్పటికే ఒక దుకాణదారు నోటీసు పట్టుకొని కూర్చున్నాడు. భాయ్ లెక్కల పుస్తకం అందుకున్నాడు, నేను నోటీసు అందుకున్నాను.